తాడోబాలో కణితి అరిచేదాకా

మే నెలలో మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలోని తాడోబా పులుల అభయారణ్యానికి వెళ్తున్నామంటే ఇంట్లో అందరూ తిట్టారు. చంద్రాపూర్ ఎండలు మామూలువి కావు మరి. కానీ పులిని చూడటానికి అదే అదను. వాగులు ఎండిపోయి, జంతువులన్నీ మిగిలిన నీటి గుంటల దగ్గరికే రావాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కోర్ ఏరియా, అంటే అడవి లోపలి భాగం, ఎలాగూ మూసేస్తారు.

అసలు టెన్షన్ అంతా సఫారీ బుకింగ్ దగ్గరే. ఆన్‌లైన్‌లో ముందే చేసుకోవాలి. మొహర్లి, కొలారా లాంటి గేట్లకు శని, ఆదివారాల్లో దొరకడం గగనమే. సఫారీకి తీసుకెళ్లే జీపును జిప్సీ అంటారు, దానికి ఆరుగురు. అందరి పేర్లూ, గుర్తింపు కార్డు నంబర్లూ ఇవ్వాలి, గేటు దగ్గర ఒరిజినల్ కార్డులు చూపించాలి. పార్కుకు మంగళవారం సెలవు కాబట్టి మేం బుధవారం పొద్దుటి ట్రిప్పు తీసుకున్నాం. ఒక రోజంతా జిప్సీల రొద లేని అడవిలోకి ముందుగా వెళ్లొచ్చని నా లెక్క.

కోర్‌లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అదే మేలైంది, అందరి చెవులూ పనిచేశాయి. దారిలో గోండు రాజుల నాటివని చెప్పే రాతి స్తంభాలు, తాడోబా చెరువు గట్టున ఎండ కాచుకుంటున్న మొసళ్లు కనిపించాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ఒక మలుపులో కొండముచ్చులు గోల చేస్తే నేను లేచి నిలబడ్డాను. గైడ్ మాత్రం కదల్లేదు. కొండముచ్చులు, దుప్పులు ఊరికే కూడా బెదురుతాయట. కణితి, అంటే సాంబార్ జింక, అరిస్తేనే పులి దగ్గర్లో ఉందని నమ్మొచ్చట. "కణితి అరవనీయండి, అప్పుడు చూద్దాం" అన్నాడు హిందీలో. కాసేపటికి నిజంగానే అరిచింది. చూస్తే వెదురు పొదల అంచున తోక నిక్కబొడుచుకుని, ముందుకాలితో నేలను తన్నుతోంది. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు.

పొదల్లోంచి ఆడపులి తాపీగా బయటికొచ్చి, నీటి గుంట దగ్గర వెనక్కి తిరిగి, తోక వైపు నుంచి నీళ్లలోకి దిగింది. మొహం మీద నీళ్లు పడటం పులులకు నచ్చదట. మెడదాకా మునిగి, మావైపు ఒక్కసారి చూసి కళ్లు మూసుకుంది. ఈలోగా ఎక్కడెక్కడి జిప్సీలూ వచ్చి అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. నాకైతే ఒళ్లు మండింది.

టైమ్ దాటకుండా గేటు చేరాలి కాబట్టి, అది నీళ్లలో ఉండగానే బయల్దేరక తప్పలేదు. మాది తెలంగాణ అని తెలిసి గైడ్ నవ్వాడు. ఇక్కడి పులులు మీ కాగజ్‌నగర్ వైపూ వస్తుంటాయి, మీరే ఇంత దూరం వచ్చారన్నాడు.