చదరపు కిలోమీటరుకు ఇద్దరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్ని 2022లో విడగొట్టక ముందున్న రూపంలోనే తీసుకుని రెండింటినీ కలిపేయండి. 12,376 చదరపు కిలోమీటర్లు వస్తుంది. 2011 లెక్కల ప్రకారం అందులో 50 లక్షల 47 వేల మంది ఉన్నారు. ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌ ఉత్తరాన లాహౌల్-స్పితి అనే జిల్లా ఒక్కటి చూడండి. దాని విస్తీర్ణం 13,841 చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు జిల్లాలూ కలిపినదానికంటే పెద్దది. అదే జనాభా లెక్కల్లో అక్కడ తేలిన మనుషులు మొత్తం 31,564. మన పాత శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలు, సగటున మండలానికి 71 వేల మంది. మన మండలంలో ఉండేవాళ్లలో సగం మంది కూడా లేని జిల్లా అది. అయినా దానికి కలెక్టరు ఉన్నారు (వాళ్లు డిప్యూటీ కమిషనర్ అంటారు), ఎస్పీ ఉన్నారు, ఒక ఎమ్మెల్యే ఉన్నారు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. జనాభా పాఠం వచ్చినప్పుడల్లా ఈ అంకెలు బోర్డు మీద రాస్తాను. మన పాత శ్రీకాకుళం జిల్లాలో చదరపు కిలోమీటరుకు 463 మంది, వాళ్లకు ఇద్దరు. పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "అంత తక్కువ మంది ఎందుకున్నారు సార్?" పుస్తకాల్లో జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, చలి, కొండలు అని. కానీ కొండలూ చలీ ఉన్న కులూ లోయలో జనం బాగానే ఉన్నారు కదా, దాని పక్కనే ఉన్న లాహౌల్లో ఎందుకు లేరు? అసలు సంగతి నీళ్లలో ఉంది.

కులూకీ లాహౌల్‌కీ మధ్య రోహ్‌తాంగ్ కనుమ ఉంది, 3,978 మీటర్ల ఎత్తు. నైరుతి మేఘాలు కులూ వైపు ఎక్కి అక్కడే కురిసేస్తాయి, దాటి లాహౌల్‌కి వచ్చేవి చాలా తక్కువ. అందుకే ఒకవైపు దేవదారు అడవి, రెండోవైపు బోడికొండ. వాయుగుండం పేరు వింటేనే గుండె జారిపోయే మనకు, వాన రాని కొండల్ని ఊహించుకోవడం కష్టం. అక్కడ సాగు చేయాలంటే పైన హిమానీనదం కరిగి వచ్చే నీటిని కొండ వాలు వెంట చిన్న కాలవల్లో పొలం దాకా తెచ్చుకోవాలి. ఆ కాలవ ఎంత దూరం పారితే ఊరు అంతవరకే. భూమి ఎకరాలకెకరాలు ఖాళీగా ఉన్నా నీరు లేనిచోట కట్టిన ఇల్లు నిలవదు, ఏడాదికి ఒక్క పంటే. ఆ ఒక్క పంటతో ఎంతమంది బతకగలరో అంతమందే ఊళ్లో ఉంటారు.

ఆ లెక్క మీరకుండా వాళ్లు తరతరాలుగా కట్టుబాట్లు కూడా పెట్టుకున్నారు. స్పితిలో ఇల్లూ పొలమూ పెద్దకొడుకుకే వచ్చేవి, చిన్నవాళ్లు బౌద్ధ ఆరామాలకు వెళ్లి లామాలయ్యేవారు. పెద్దకొడుకు సంసారం అందుకోగానే తల్లిదండ్రులు పెద్దిల్లు అతనికి వదిలి పక్కనే ఉన్న చిన్నింటికి మారేవారు. లాహౌల్లో అన్నదమ్ములంతా ఒకే భార్యతో ఒకే ఇంట్లో ఉండే పద్ధతి ఉండేది, ఇప్పుడు దాదాపు పోయింది. బయటివాళ్లు దాన్ని వింతగా చెప్పుకుంటారు గానీ నాకు అందులో కనిపించేది పొలం ముక్కలు కాకూడదనే పట్టుదల. మన వైపు అర ఎకరం కొబ్బరితోట నలుగురికి పంచితే తలా పన్నెండున్నర సెంట్లు వచ్చి, ముగ్గురు విశాఖో హైదరాబాదో బస్సెక్కేస్తారు. వాళ్లు పంచుకోకుండా ఆపారు, మనం పంచుకుని వలసపోయాం. కష్టం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మా చిన్నాన్న కొడుకు ఆర్మీలో డ్రైవరు, మనాలీ నుంచి లేహ్ దాకా కాన్వాయ్‌లో లారీ తోలాడు. మా ఊళ్లలో వీధికొకరు మిలటరీలో ఉంటారు కాబట్టి హిమాలయాల కబుర్లు మాకు కొత్త కాదు, కానీ వీడు చెప్పినన్ని సంగతులు నాకెవరూ చెప్పలేదు. లాహౌల్లో తాండి అనే చోట ఒక పెట్రోలు బంకు ఉంది, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతల అని చాలాకాలం అక్కడ బోర్డు ఉండేది. మన లెక్కలో అయితే ఇచ్ఛాపురంలో బయల్దేరి దాదాపు అన్నవరం చేరేదాకా దారిలో ఒక్క బంకూ లేనట్టు. వాడు ఫోన్లో ఊళ్లు చూపిస్తూ, "ఏటన్నియ్యా, పదిళ్లుంటే అది ఊరేనేటి? మనకయితే అది పేట కూడా కాదు గదా" అన్నాడు. ఊరేరా అన్నాను. దానికో పేరుంది, కాలవ ఉంది, పొలాలకు గట్లున్నాయి, ఇంకేం కావాలి.

తర్వాత వాడి వెంట వేసవి సెలవుల్లో నేను కూడా కేలాంగ్ దాకా వెళ్లొచ్చాను. జిల్లా కేంద్రం అదే. మొత్తం జిల్లాలో జనాభా లెక్కల ప్రకారం పట్టణం అన్నది ఒక్కటీ లేదు, నూటికి నూరు శాతం గ్రామీణమే. తాండి దగ్గర చంద్రా, భాగా అనే రెండు నదులు కలుస్తాయి, అక్కణ్ణుంచి అది చంద్రభాగ, జమ్మూకి వచ్చేసరికి చీనాబ్. ఒడ్డున బంగాళాదుంప పొలాలు. 1960ల నుంచి లాహౌల్ రైతులు విత్తన దుంపలు పండించి దేశమంతా అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఎత్తులో చీడపీడలు తక్కువ కాబట్టి అక్కడి దుంప విత్తనానికి మంచిదని పేరు. బఠాణీ కూడా అంతే, కింద మైదానాల్లో ఎండాకాలం అయిపోయి ఎక్కడా దొరకని రోజుల్లో వీళ్ల పచ్చి బఠాణీ మార్కెట్‌కి వస్తుంది, మంచి ధర పలుకుతుంది. ఇంత తక్కువ భూమిలో, ఇంత తక్కువ రోజుల్లో, ఏది వేస్తే గిడుతుందో ఇంత బాగా కనిపెట్టిన రైతుల్ని చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

స్పితి వైపు నేను వెళ్లలేదు, వెళ్లాలని చాలా ఉంది. లాహౌల్‌కీ స్పితికీ మధ్య 4,551 మీటర్ల కుంజుం కనుమ ఉంది, చలికాలమంతా మూసే ఉంటుంది. అప్పుడు కేలాంగ్ నుంచి స్పితిలోని కాజాకు వెళ్లాలంటే మనాలీకి దిగి, సిమ్లా వైపు తిరిగి, కిన్నౌర్ మీదుగా సట్లెజ్ లోయ పట్టుకుని పైకి ఎక్కాలి. ఒకే జిల్లాలో ఒక సగం నుంచి రెండో సగానికి వెళ్లడానికి వేరే జిల్లాలు దాటాలన్నమాట. నీళ్లు కూడా అంతే, లాహౌల్ నీళ్లు చీనాబ్‌లోకి, స్పితి నీళ్లు సట్లెజ్‌లోకి. ఈ రెంటినీ కలిపి 1960లో, అప్పటి పంజాబ్‌లో, ఒక జిల్లా చేశారు. 1966లో అది హిమాచల్‌లోకి వచ్చింది. కాజాలో ఒక అదనపు డిప్యూటీ కమిషనర్‌ని పెట్టి చాలా అధికారాలు అక్కడే ఇచ్చేశారు, ప్రతి కాగితం కేలాంగ్ తిరగక్కర్లేకుండా. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు.

ఇంకో మాట, 2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ కింద అటల్ టన్నెల్ తెరిచారు, 9 కిలోమీటర్లు. అంతకుముందు నవంబరు తర్వాత మంచు పడితే లాహౌల్ నెలల తరబడి ఆగిపోయేది, రోగులు హెలికాప్టర్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు మనాలీ ఆసుపత్రికి కారులో వెళ్లిపోతున్నారు. టూరిస్టులూ పెరిగారు, అది ఎంతవరకు మంచిదో వాళ్లే చెప్పాలి.

అంకెల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే వాటిలో మన కథ కూడా ఉంది. 2001లో లాహౌల్-స్పితి జనాభా 33,224. పదేళ్లలో 5 శాతం తగ్గింది. అక్కడివాళ్లు చాలామంది కులూలో ఇళ్లూ తోటలూ కొనుక్కుని చలికాలం అక్కడే గడుపుతారు, పిల్లల చదువులూ అక్కడే. అదే పదేళ్లలో శ్రీకాకుళం 6.52 శాతం మాత్రమే పెరిగింది, ఉమ్మడి రాష్ట్రం సగటు దాదాపు 11. మనవాళ్లూ పోతున్నారు. ఆడామగా నిష్పత్తి చూడండి: శ్రీకాకుళంలో వెయ్యిమంది మగవాళ్లకు 1015 మంది ఆడవాళ్లు, విజయనగరంలో 1019. లాహౌల్-స్పితిలో 903. ఈ 903 చూసి అక్కడ ఆడపిల్లల్ని వద్దనుకుంటున్నారని ఎవరైనా అంటే నమ్మకండి, ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది అబ్బాయిలకు 1033 మంది అమ్మాయిలున్నారు. పెద్దల లెక్కలో తేడా రావడానికి పెద్ద కారణం వేసవిలో రోడ్డు పనులకు వచ్చే కూలీలు, జార్ఖండ్, బీహార్, నేపాల్ మగవాళ్లు. మన దగ్గర మగవాళ్లు బయటికి పోయి అంకె పెరిగింది, అక్కడ మగవాళ్లు లోపలికి వచ్చి అంకె తగ్గింది. గుజరాత్ వీరావల్‌లో బోటెక్కే మన మత్స్యకారుడూ, లాహౌల్లో దార్చా దగ్గర కంకర పోసే జార్ఖండ్ కూలీ, ఇద్దరూ తమ ఊరి లెక్కలో లేకుండా పోయినవాళ్లే.

పైగా అక్కడ లెక్కించిన సమయం వేరు. మంచు ప్రాంతాల్లో 2011 లెక్కలకు 2010 అక్టోబరు 1నే ప్రమాణ తేదీగా తీసుకున్నారు, దారులు మూసుకుపోకముందే. కూలీలు ఇంకా అక్కడే ఉండే రోజులవి. రాబోయే లెక్కలకూ అలాగే, మంచు ప్రాంతాలకు 2026 అక్టోబరు 1, మిగతా దేశానికి 2027 మార్చి 1.

ఇదంతా చెప్పి నేను రావాలనుకున్నది మందస, మెళియాపుట్టి కొండల దగ్గరికి. 463 అనే అంకె చూసి శ్రీకాకుళం అంతా కిక్కిరిసి ఉందనుకుంటాం. ఉద్దానంలో, నాగావళి, వంశధార డెల్టాల్లో నిజమే, ఒక ఊరు అయిపోకముందే ఇంకో ఊరు మొదలవుతుంది. కానీ మహేంద్రగిరి వైపు ఎక్కే కొద్దీ సవర గిరిజనుల గూడేలు పదిళ్లు, పాతికిళ్లు, మధ్యలో జీడితోటలు, పోడు, అడవి. అక్కడి సాంద్రత లాహౌల్‌కి దగ్గరగా లేకపోవచ్చు గానీ 463కి అసలే దగ్గరగా లేదు. ఆ కొండల్నీ తీరాన్నీ కలిపి సగటు తీసేసరికి వాళ్లు కనపడరు. 2022లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు దాంతోపాటే. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లు మాత్రం శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి.

సర్కారు పనులన్నీ జనాభా మీద నడుస్తాయి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కావాలంటే మైదానంలో 30 వేల మంది, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మంది. గ్రామీణ సడక్ యోజన రోడ్డుకు మైదానంలో 500 మంది, కొండల్లో 250. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఊళ్లకు దాన్ని 100కి దించారు, మంచి పనే. కానీ ఆ 20 వేల లెక్కే గట్టిగా పట్టుకుంటే లాహౌల్-స్పితికి ఒక పీహెచ్‌సీ దక్కి రెండోదానికి జనం చాలరు. అలా చేయలేదు. కేలాంగ్‌లో జిల్లా ఆసుపత్రి ఉంది, కాజాలో సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది. ఓటర్లు పాతిక వేలకు అటూ ఇటూ ఉన్నా ఒక అసెంబ్లీ సీటు ఉంది, మన దగ్గర ఒక్కో సీటుకి రెండు లక్షల చుట్టూ ఓటర్లు. 15,256 అడుగుల ఎత్తున తాషీగాంగ్‌లో యాభై అరవై మంది కోసం పోలింగ్ బూత్ పెడతారు, ప్రపంచంలో అంత ఎత్తున ఇంకోటి లేదు. జనం తక్కువైనా దూరం ఎక్కువ కాబట్టి ఖర్చు పెట్టాలి అని అక్కడ ఒప్పుకున్నారు. అదే న్యాయం మన కొండ మీద పదిళ్ల గూడేనికి ఎందుకు వర్తించదు? నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ కిందికి దిగారన్న వార్త మన ఉత్తరాంధ్ర పేపర్లలో ప్రతి వానాకాలం వస్తోంది. ఆ గూడెం హిమాచల్‌లో ఉండి ఉంటే అదే ఒక జిల్లా సమస్య అయ్యేది. ఇక్కడ అది మండలంలో ఒక పంచాయతీలో ఒక శివారు.

2011లో నేనూ జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్‌గా పనిచేశాను, నా బ్లాకులో ఒక కొండ గూడెం ఉంది. ఇంటింటికీ తిరిగి, పోడు దగ్గర ఉన్నవాళ్ల కోసం సాయంత్రం దాకా కూర్చుని రాసుకుని వచ్చాను. తర్వాత జిల్లా జనాభా పుస్తకం వచ్చాక వెతికితే ఆ గూడెం పేరే లేదు. జనాభా లెక్కలు రెవెన్యూ గ్రామం వారీగా వేస్తారు, కొండ కింద ఉన్న పెద్ద ఊరి పేరు మీద అందరూ కలిసిపోయారు. ఆ ఊరికి రోడ్డుంది, కరెంటుంది, బడి ఉంది అని పుస్తకంలో ఉంది. అది అబద్ధం కాదు, కింద ఊరికి అన్నీ ఉన్నాయి. పైన ఉన్నవాళ్లకు లేవని రాయడానికి అందులో గడి లేదు.

అందుకని కొండ ఊళ్లలో పనిచేసే టీచర్లకు, సచివాలయం సిబ్బందికి, అక్కడి చదువుకున్న కుర్రాళ్లకు చెప్తున్నాను. ఇళ్ల గణనకు వచ్చినవాళ్లు ముందు తమ బ్లాకు నక్షా గీసుకుంటారు. ఆ నక్షాలో మీ గూడెం పేరు విడిగా, మీరు పిలుచుకునే పేరుతోనే రాయించండి, శివారు అనో పై వీధి అనో వదిలేయనివ్వకండి. ఇళ్లెన్ని, మనుషులెందరు, రోడ్డు ఎక్కడ ఆగిపోయింది, దగ్గరి పీహెచ్‌సీ ఎంత నడక అన్నది ఒక కాగితం మీద రాసి గ్రామసభ తీర్మానంలో పెట్టించి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. పుస్తకంలో పేరు రాకపోయినా, రేపు 100 మంది ఉన్నారా 250 మంది ఉన్నారా అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ తీర్మానం ఉంటుంది.