మృదంగం ఎడమవైపు వినండి

కచేరీలో పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలవగానే జనం కాఫీకి లేచిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అసలు వినాల్సిందే అప్పుడు!

మృదంగం కుడి మూతను (వాయించే తోలును) గాయకుడి షడ్జమానికి, అంటే 'స' స్వరానికి, కలుపుతారు. ఎడమ మూత మధ్యలో తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుకే స్థాయి కిందికి దిగి, నాదం నిండుగా వస్తుంది. అరచేతిని నొక్కుతూ జరిపితే 'గుమ్మ్‌' అని సాగే ఆ ఒక్క ధ్వని చాలు నాకు. ముద్ద ఎక్కువైతే మొద్దుగా మోగుతుంది. ఏసీ గాలికి ఎండితే నాదం పలచబడుతుంది, రెండు చుక్కల నీళ్లు అద్దాలి. కచేరీ అయ్యాక గీకి తీసేయాలి, లేకపోతే తోలు పాడవుతుంది.

మైకు వాళ్లకో విన్నపం: దయచేసి బేస్ పెంచకండి. పెంచితే ఆ సాగుడంతా ఒట్టి హోరులో కలిసిపోతుంది.