30 అడుగుల ఆర్‌వీ అద్దెకు తీసుకుని నడపడం: నా అనుభవం

ఆర్‌వీ అంటే పడక, వంటగది, టాయిలెట్ అన్నీ ఉన్న ప్రయాణ బండి. అమెరికాలో అద్దెకు ఎక్కువగా దొరికేవి క్లాస్ సి ఆర్‌వీలు. ముందు ఫోర్డ్ ఈ-450 వ్యాన్ తల, వెనక ఇల్లు. లాస్ వేగస్‌లో ఎక్కి యూటాలోని జయాన్, బ్రైస్ నేషనల్ పార్కులు చూసి రావడానికి నేను తీసుకునేది 30 అడుగుల బండి. మామూలు కారు లైసెన్సు చాలు. నడపడం ఒక పూటలో అలవాటవుతుంది. అసలు తిప్పలన్నీ కరెంటు, నీళ్లు, మురుగు లెక్క దగ్గరే.

రాత్రికి ఇంత అని చూపించే అద్దె చూసి మురిసిపోవద్దు. మైళ్లకు వేరే, జనరేటర్ గంటలకు వేరే, పరుపులకూ గిన్నెలకూ వేరే. గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు వస్తే గొప్ప. మీ కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు కవరేజి చాలావరకు ఆర్‌వీకి వర్తించవు, ఫోన్ చేసి కనుక్కోండి. ఒప్పందంలో పైకప్పు దెబ్బల గురించి ఏం రాశారో చూడండి. దాన్ని మినహాయించే ఒప్పందాలే ఎక్కువ. పిల్లల కారు సీటు పక్కకి తిరిగి ఉండే సోఫా మీద బిగించకూడదు. ముందుకు చూసే బెల్టు సీట్లు ఎన్నో బుకింగప్పుడే అడగాలి.

బండి అప్పగించేటప్పుడు గంట పడుతుంది, తొందరపెట్టినా తగ్గొద్దు. నిచ్చెనెక్కి పైకప్పు, కింద బంపరు, ఆనింగ్ (పక్కకి చాపుకునే నీడ గుడ్డ) అన్నీ వీడియో తీయండి. వెనక జంట టైర్లలో లోపలిదాని గాలి ఎవరూ చూడరు, చూపించమనండి. ఫ్రిజ్ చల్లబడటానికి రాత్రంతా పడుతుంది కాబట్టి ముందురోజే ఆన్ చేసి ఉంచమని చెప్పాలి. లేదంటే పెరుగు, పాలు మొదటిరోజే పోతాయి.

రోడ్డు మీద గుర్తుంచుకోవలసింది తోక. వెనక చక్రాల తర్వాత ఇంకా తొమ్మిది, పది అడుగుల బండి ఉంటుంది. పెట్రోలు పంపు ఎడమవైపు ఉండగా బయల్దేరుతూనే కుడికి తిప్పారా, తోక ఎడమకు ఊగి పంపుకు తగులుతుంది. వెనక చక్రం పంపు దాటేదాకా స్టీరింగ్ కదపొద్దు. కుడి మలుపులో దీనికి రివర్సు: వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి, అందుకే కారులో కన్నా ఆలస్యంగా తిప్పాలి. ఎత్తు 12 అడుగులనుకుని కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించండి. డ్రైవ్-త్రూ, పార్కింగ్ గ్యారేజీ మర్చిపోండి. చెట్ల కొమ్మలు కూడా చూసుకోవాలి.

దిగుడు రోడ్ల మీద గేరు లీవరు చివరనున్న టో/హాల్ బటన్ నొక్కితే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. అదేపనిగా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. జయాన్ నుంచి బ్రైస్‌కు దగ్గరి దారి 1930 నాటి మౌంట్ కార్మెల్ సొరంగం. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండిని, అనుమతి రుసుము తీసుకుని, ఎదురొచ్చే వాహనాలను ఆపి పంపేవాళ్లు. 2026 నుంచి ఆ రోడ్డు పెద్ద బండ్లకు లేదు. హరికేన్ నుంచి కనాబ్ మీదుగా వెళ్తే సరి. జీపీఎస్‌ను నమ్మొద్దు, కారనుకుని సొరంగంలోకే పంపుతుంది.

రాత్రికి బండి ఆపుకునే క్యాంపులో కరెంటు 30 ఆంపులైతే 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లు. ఏసీ సుమారు 13 ఆంపులు లాగుతుంది, 1,800 వాట్ల ఇండక్షన్ పొయ్యి 15. బ్యాటరీ ఛార్జరు, ఫ్రిజ్ కలిశాయంటే బ్రేకరు పడిపోతుంది. వంట బండిలోని ప్రొపేన్ గ్యాస్ పొయ్యి మీద చేసుకోండి, ఇండక్షన్ ఇంట్లోనే వదిలేయండి. మిక్సీ వేసేటప్పుడు మైక్రోవేవ్ ఆపితే చాలు. పోపు పెట్టేముందు పైకప్పు ఫ్యాన్ వేసి కిటికీ తెరవాలి, ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మొదలవుతుంది. చేపల పులుసు బయట పొయ్యి మీదే మేలు, వాసనకు క్లీనింగ్ ఫీజు వేసేవాళ్లున్నారు.

జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంపులో కరెంటు సైట్లు ఉన్నాయి, కానీ సైటు దగ్గర నీళ్ల కుళాయి, మురుగు కనెక్షను ఉండవు. మురుగంతా బండి కింది ట్యాంకుల్లోకే చేరుతుంది: టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, స్నానం, గిన్నెలది గ్రే. ఈ గ్రే ట్యాంకే ముందు నిండేది. ఒళ్లు తడిపి నీళ్లు ఆపి, సబ్బు రుద్దాక మళ్లీ తిప్పాలి. పప్పు, నూనె ఉన్న పళ్లేలను కాగితంతో తుడిచాకే కడగండి, లేదంటే సెన్సరుకు జిడ్డు పట్టి ఖాళీ ట్యాంకును కూడా నిండిందని చూపిస్తుంది.

మురుగు కనెక్షనున్న క్యాంపులోనూ బ్లాక్ వాల్వు తెరిచి ఉంచకూడదు. నీళ్లు పారిపోయి గట్టిది అడుగున గుట్టలా గడ్డకడుతుంది. మూడింట రెండువంతులు నిండాక గ్లవ్స్ వేసుకుని గొట్టం రెండు చివరలూ బిగిశాయో లాగి చూసి, ముందు బ్లాక్ వదలండి. అది ఆగాక గ్రే వదిలితే ఆ సబ్బునీళ్లే గొట్టం కడిగేస్తాయి. తర్వాత టాయిలెట్‌లోంచి బ్లాక్‌లోకి రెండు గ్యాలన్ల నీళ్లు పోసి, టాయిలెట్ ట్యాంకు మందు వేయండి. తాగునీటి తెల్ల గొట్టం దీని దగ్గరికి రానీయొద్దు.

కదిలే ముందు మెట్లు, ఆనింగ్, పైకప్పు కిటికీలు, కరెంటు తీగ, అల్మారా గొళ్లాలు ఒకసారి చూసుకోవాలి. మాట్లాడుకుంటూ చేస్తే ఏదో ఒకటి తప్పకుండా మిగిలిపోతుంది, అందుకే ఒక్కరే తిరిగి చూడాలి. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, పెట్రోలు తీసుకున్నప్పటి మట్టానికి నింపి, జనరేటర్ మీటరు ఫొటో తీయండి. డిపాజిట్‌లోంచి కోసేవాటిలో ఈ మూడూ ఉంటాయి.