హూపర్ గారు ఇక రారు

అమెరికాలో నేను పనిచేసే డేకేర్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకి లైట్లు తగ్గించి పిల్లల్ని పడుకోబెడతాం. నేల మీద వరసగా చిన్న చిన్న మంచాలు, ఒక్కోదాని మీద పేరు కుట్టిన దుప్పటి. ఆ రోజు నాలుగేళ్ళ పాప ఒకతి పడుకోనంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెప్పలు వాలిపోతుంటే వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. వీపు నిమిరాను, జోకొట్టాను. చివరికి నా చెవి దగ్గర నోరు పెట్టి, "పడుకుంటే నేను కూడా లేవను కదా" అంది.

అంతకు వారం ముందు వాళ్ళ తాత పోయాడు. రోజూ సాయంత్రం ఆయనే వచ్చి తీసుకెళ్ళేవాడు. ముందురోజు ఆ పిల్ల "తాత ఎప్పుడొస్తాడు?" అని అడిగితే, "దేవుడి దగ్గర హాయిగా పడుకున్నాడమ్మా" అన్నాను. ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మా గది లీడ్ టీచర్ నన్ను బయట వరండాలోకి పిలిచింది. ఆవిడకి యాభై దగ్గర పడుతున్నాయి. గొంతు పెంచలేదు. "చావుని నిద్ర అని పిల్లలకి ఎప్పుడూ చెప్పకు. చనిపోయాడు అనే చెప్పు. నేను కిండర్‌గార్టెన్‌లో ఉండగా మాకు మిస్టర్ హూపర్ చనిపోయాడని చెప్పారు. మేమంతా బాగానే పెరిగాం" అంది. మా ఆయన వీసాని బట్టి వచ్చే హెచ్-4 మీద ఐదేళ్ళు ఇంట్లో కూర్చుని, పని చేసుకోనిచ్చే ఈఏడీ కార్డు వచ్చాక దొరికిన ఉద్యోగం ఇది. పిల్లల దగ్గర తప్పు చేశానని ఒకరు నాతో అనడం అదే మొదటిసారి. ముఖం వేడెక్కిపోయింది. హూపర్ ఎవరని అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

తర్వాత తెలిసింది, ఆయన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షోలో, మనుషులూ బొమ్మలూ కలిసి ఉండే వీధిలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన అని.

ఆ షో పేరు అప్పటికే రోజూ వింటున్నాను. నెట్‌ఫ్లిక్స్‌లో 2025 నవంబర్ 10న కొత్త సీజన్ వస్తోందన్నప్పటి నుంచి మా లంచ్ టేబుల్ దగ్గర వేరే మాట లేదు. 1969లో షో మొదలైంది కూడా సరిగ్గా నవంబర్ 10నే. ఇప్పుడు ఎపిసోడ్‌లో పదకొండు నిమిషాల కథ ఒకటి ఉంటుందట, ఎల్మో అనే ఎర్ర బొమ్మకి మళ్ళీ విడిగా ఒక భాగం ఇస్తున్నారట. ఒకావిడ అది మంచిదే, ఇప్పటి పిల్లలు అంతే చూస్తారంటుంది. ఇంకొకావిడ షో 2016లో డబ్బు కట్టి చూసే హెచ్‌బీఓకి వెళ్ళి గంట నుంచి అరగంట అయినప్పుడే ఆ వీధి పోయిందంటుంది. కొత్త ఎపిసోడ్లు ముందు డబ్బు కట్టేవాళ్ళకి, తొమ్మిది నెలలు ఆగాక ఉచితంగా వచ్చే పీబీఎస్‌లో అందరికీ అన్న ఆ ఏర్పాటు గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం ఇప్పటికీ అలాగే ఉంది. పేదింటి పిల్లలు బడికి వెళ్ళే ముందే అక్షరాలూ అంకెలూ నేర్చుకోవాలని జోన్ గాంజ్ కూనీ మొదలుపెట్టిన షో అది. అలాంటి దానికి పేద పిల్లల్ని తొమ్మిది నెలలు ఆగమనడం ఏమిటన్నది ఆవిడ బాధ. కొత్త ఒప్పందంలో నెట్‌ఫ్లిక్స్‌లోనూ పీబీఎస్‌లోనూ ఒకే రోజు వస్తాయని తెలిసి కాస్త చల్లబడింది.

నిజం చెప్పాలంటే నాకు అదంతా చిరాగ్గా ఉండేది. మనవలున్న మనుషులు, బిగ్ బర్డ్ అనే ఎనిమిదడుగుల రెండంగుళాల పసుపు పక్షి బొమ్మ గురించి ఇంత వాదించుకోవాలా అనిపించేది. ఆ పక్షి లోపల మనిషి ఎలా నిలబడతాడో వంటగదిలో పనిచేసే ఆవిడ ఒకరోజు నాకు చేసి చూపించింది. కుడిచెయ్యి తలపైకి నిటారుగా ఎత్తింది. ఆ చెయ్యే పక్షి తల, చిటికెన వేలితో రెప్పలు ఆడించాలి. పక్షి కుడిరెక్క ఉత్తదే, దాన్ని చేపల గాలానికి వాడే దారంతో ఎడమచేతికి కడతారు, ఎడమది కిందికి దిగితే కుడిది పైకి లేస్తుంది. బయట ఏం జరుగుతోందో లోపలి మనిషికి కనిపించదు, ఛాతీకి కట్టుకున్న చిన్న టీవీలో చూసుకోవాలి. క్యారల్ స్పిన్నీ అనే ఆయన అలా చెయ్యెత్తి పట్టుకుని 1969 నుంచి 2018 దాకా ఆడించాడట. ఆవిడ చెయ్యి అర నిమిషానికే వణికింది. చూపించిందే కానీ నాకప్పుడు మనసుకి ఎక్కలేదు.

మందలింపు తర్వాత రెండు రోజులు నాకు కోపమే. మన పిల్లలకి చావు గురించి పాఠం ఎవరు చెప్పారు? మా అవ్వ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. వాకిట్లో పడుకోబెట్టిన దగ్గర్నుంచి పదకొండో రోజు దాకా అందరి కాళ్ళ మధ్యా తిరుగుతూనే ఉన్నాను. కూర్చోబెట్టి చనిపోయిందని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు. మాది ధర్మవరం వైపు. నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలవాళ్ళు వచ్చి తెర కడితే తెల్లవార్లూ చాప మీద కూర్చునేవాళ్ళం. లక్ష్మణుడు మూర్ఛపోయేవాడు, ఇంద్రజిత్తు చచ్చేవాడు, రావణుడు కూలేవాడు. అప్పుడు మా కళ్ళు ఎవరూ మూయలేదు. మరీ ఏడుపొచ్చేసరికి కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించేవాళ్ళు. ఇవన్నీ లేని దేశంలో పసుపు పక్షి చేత చెప్పించుకోవాల్సి వచ్చింది, అంతే కదా అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త ఊరటగా ఉండేది.

మూడో రాత్రి మావాడు నిద్రపోయాక ఫోన్‌లో వెతికి ఆ ఎపిసోడ్‌లోని భాగం చూశాను. హూపర్ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబర్‌లో పోయాడు. ఇంకో నటుణ్ణి పెట్టేయొచ్చు, రిటైరయి ఊరెళ్ళాడని చెప్పొచ్చు. షో వాళ్ళు రెండూ వద్దనుకుని పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్ళని అడిగి మూడు మాటలు ఖాయం చేసుకున్నారు: ఆయన చనిపోయాడు, తిరిగి రాడు, అందరికీ ఆయన లోటు ఉంటుంది. ముసలితనం అనీ జబ్బు అనీ కూడా అనలేదు, అంటే ముసలివాళ్ళని చూసినా జ్వరం వచ్చినా పిల్లలు భయపడతారని. పెద్దవాళ్ళు ఇళ్ళలో ఉండే రోజని థాంక్స్‌గివింగ్ నాడు, 1983 నవంబర్ 24న ప్రసారం చేశారు.

అందులో బిగ్ బర్డ్ వీధిలో అందరి బొమ్మలూ గీసి తెస్తుంది. ఒక్కొక్కరికీ ఇస్తుంది, వాళ్ళు మురిసిపోతారు. చివరికి హూపర్ బొమ్మ మిగిలిపోతుంది. ఆయన రాగానే ఇస్తానంటుంది. పెద్దవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. చనిపోయాడని చెప్పాం కదా అని వీధిలో ఉండే మరియా గుర్తుచేస్తుంది, తిరిగి రాడని సూసన్ చెబుతుంది. మరి నాకు గింజల మిల్క్‌షేక్ ఎవరు చేసిస్తారు, కథలెవరు చెబుతారు అని పక్షి అడుగుతుంది. చేస్తామంటారు, చెబుతామంటారు, కానీ అది హూపర్ చేసినట్టు ఉండదని వాళ్ళే ఒప్పుకుంటారు. ఎందుకిలా జరగాలి అంటే, ఇలా ఉంటుంది కాబట్టి, అంతే అంటాడు ఆ వీధిలోనే ఉండే గోర్డన్. అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు. ఆ నటుల కళ్ళల్లో నీళ్ళు నిజం నీళ్ళే. ఆ బొమ్మలు కూడా స్పిన్నీయే గీశాడు.

నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. "పడుకున్నాడు" అన్న మాట నా నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది.

2021 మేలో మా నాన్న పోయాడు. మే 4 నుంచే ఇండియా నుంచి రావడం మీద ఆంక్షలు పెట్టారు, వెళ్తే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ దొరకదు. మా ఆయన, నేను, వంటింట్లో గిన్నెల స్టాండుకి ఫోన్ ఆనించి వీడియోలో చూశాం. మావాడికి నాలుగేళ్ళు. తలుపేసి పక్క గదిలో ఐప్యాడ్ ఇచ్చి కూర్చోబెట్టాం. తర్వాత ప్రతి ఆదివారం ఫోన్‌లో వాడు "తాతకివ్వు" అనేవాడు. అక్కణ్ణుంచి మా అమ్మ, "తాత పడుకున్నాడు నాయనా" అనేది. నేను పక్కనే ఉండి అవునని తలాడించేదాన్ని. రెండు నెలలకి వాడు అడగడం మానేశాడు. మర్చిపోయాడని మేం తేలికపడ్డాం. తర్వాత మా తమ్ముడు ఫ్రేమ్ కట్టించి పంపిన ఫోటో కూడా వాడు మళ్ళీ అడుగుతాడని గోడకి పెట్టలేదు. పెద్ద సూట్‌కేసులో, స్వెట్టర్ల కింద పెట్టాను.

మా అవ్వ పోయినప్పుడు నాకున్న వాకిలి మావాడికి లేదు. చూస్తే సరిపోయేదాన్ని మేము చూడనివ్వలేదు, చెప్తే సరిపోయేదాన్ని చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి లంచ్ టేబుల్ దగ్గర మాటలు నాకు వేరేగా వినిపించాయి. వాళ్ళు ప్రతి మార్పునీ ఒకేలా తిట్టరు. స్నఫీ అనే పెద్ద జంతువు చాలా ఏళ్ళు బిగ్ బర్డ్‌కి మాత్రమే కనిపించేవాడు, ఎంత చెప్పినా పెద్దవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. 1985లో అందరికీ కనిపించేలా మార్చారు. నిజం చెప్పినా పెద్దవాళ్ళు నమ్మరని పిల్లలు అనుకుంటే, జరగకూడనిది జరిగినప్పుడు నోరు విప్పరని. ఆ మార్పు గురించి ఎవరూ పల్లెత్తు మాటనరు. 2017లో ఆటిజం ఉన్న జూలియా అనే బొమ్మ షోలోకి వచ్చినప్పుడు మా లీడ్ టీచర్ ఏడ్చిందట. వాళ్ళ కోపమంతా 2016 మీదే. మొదటి ఏడాది నుంచీ ఉన్న బాబ్, 1970ల నుంచీ గోర్డన్, లూయిస్ వేషాలు వేసినవాళ్ళు ఇక షోలో ఉండరని ఆ జూలైలో బయటి వేదిక మీద బాబ్ చెప్తే జనానికి తెలిసింది. వాళ్ళతో మా బంధం పోలేదని సంస్థ తర్వాత చెప్పుకుంది. "హూపర్ పోతే వీధంతా కూర్చుని మాకు చెప్పింది. బాబ్ వెళ్తుంటే ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. మాకు చెప్పడం నేర్పింది వాళ్ళే కదా" అంది లీడ్ టీచర్. లూయిస్ వేషం వేసినాయన 2022 మార్చిలో, బాబ్ అదే ఏడాది డిసెంబర్‌లో పోయారు. ఆ మాట అంటూ డబ్బాలో యాపిల్ ముక్కలు అలాగే వదిలేసింది. నేను ఆవిడ పక్షమే.

మన తోలుబొమ్మల గురించి ఇంత పట్టుదలగా ఎవరితో మాట్లాడాను నేను? నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిందని చదివి గర్వపడ్డాను, ఫోటో అందరికీ పంపాను. ఆ ఊళ్ళో ఇప్పుడు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నారు. మా ఊళ్ళో తెర కట్టడం ఏ ఏడాది ఆగిపోయిందో నాకు గుర్తు లేదు. లంచ్ టేబుల్ దగ్గరి ఆవిడకి షో గంట నుంచి అరగంట అయిన నెల కూడా గుర్తుంది.

ఆ పాపకి లీడ్ టీచర్ నా ఎదురుగానే చెప్పింది. తాత శరీరం పనిచేయడం ఆగిపోయింది, అది నిద్ర కాదు, నువ్వు పడుకుంటే లేస్తావు, లేపడానికి మేమిద్దరం ఇక్కడే ఉంటాం అని. పాప నా వైపు చూసి, "నువ్వు కూడానా?" అంది. లేచేదాకా మంచం పక్కనే కూర్చున్నాను.

ఆ శనివారం మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తాత చనిపోయాడని తెలుగులో చెప్పాను. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవ్వ ఎందుకు పడుకున్నాడంది మరి?" అని అడిగాడు. అవ్వకీ చెప్పడం కష్టమైంది నాన్నా, నాకూ కష్టమైంది అన్నాను. సూట్‌కేసు తెరిచి ఫోటో తీశాను. అద్దె ఇల్లు కదా, మేకులు కొట్టనివ్వరు, జిగురు హుక్కులు తెచ్చాను. నేను టీవీ పైన పెట్టబోతే వద్దన్నాడు. తన మంచం పక్కన, పడుకుంటే కళ్ళకి ఎదురుగా వచ్చే చోట వేలు పెట్టి చూపించాడు. హుక్కు అంటుకోవాలంటే గంటసేపు బరువు పెట్టకూడదని అట్ట మీద రాసి ఉంది. ఆ గంటా ఫోటో ఒళ్ళో పెట్టుకుని, తాత తనని ఎత్తుకుని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళేవాడో చెప్పమన్నాడు.