పిలవకపోవడం వేరు, పిలిచాక ఆపడం వేరు

‘అనివార్య కారణాల వల్ల నేటి సభ వాయిదా వేయడమైనది.’ వివాదమున్న వక్తని పిలిచిన సభకి ఎవరైనా అడ్డుపడితే, ఈ ఒక్క వాక్యం నోటీసు బోర్డుకి అంటిస్తే గొడవ తీరిపోతుందని చాలా కాలేజీల్లో అనుకుంటారు. తీరదు. పిలిచినవాళ్ళకి అవమానం మిగులుతుంది. ఆపించినవాళ్ళకి దారి తెలిసిపోతుంది: పదిమంది గేటు ముందు కూర్చుంటే చాలు. ఇక తర్వాతి సభకి ఇరవై మంది వస్తారు.

నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి, రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. రెండోది పేరు పెట్టుకున్నది 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులుది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం రాజ్యాంగం దృష్టిలో ‘రాజ్యం’ కిందికే వస్తుంది కాబట్టి మాట్లాడే స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణ దాన్ని నేరుగా కట్టేస్తుంది. ప్రైవేటు కాలేజీ యాజమాన్యం మా హాలు ఇవ్వం అంటే కోర్టుకెళ్ళి గెలవడం కష్టం. ఈ తేడా తెలియకే విద్యార్థి సంఘాలు తప్పు చోట అర్జీ పెట్టి నెల పోగొట్టుకుంటాయి.

ముందు హద్దు ఎక్కడుందో చూడాలి. మాటను కట్టడి చేయడానికి 19(2)లో ఎనిమిది కారణాలున్నాయి: దేశ సార్వభౌమత్వం-సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం. తొమ్మిదోది కలపడానికి వీల్లేదని 2023లో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్నది విడిగా ఆ జాబితాలో లేదు. అలాగని ఏమన్నా చెల్లుతుందని కాదు. భారతీయ న్యాయ సంహిత 299 ఒక మతాన్ని కావాలని, ద్వేషబుద్ధితో అవమానిస్తే శిక్షిస్తుంది. కులం, మతం, భాష పేరుతో వర్గాల మధ్య వైరం పెంచితే 196 కింద మూడేళ్ళ దాకా జైలు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కించపరిచే మాటలకు 1989 అత్యాచార నిరోధక చట్టం ఉంది. ఇవి గట్టిగా ఉండాల్సినవే. వాటి కింద కేసుకు నిలిచే మాట ఏది, మనకి నచ్చని మాట ఏది అన్నది మాత్రం వేరు చేసుకోవాలి.

శ్రేయా సింఘాల్ కేసులో (2015) సుప్రీంకోర్టు మూడు మెట్లు చూపింది: చర్చ, సమర్థన, ఉసిగొల్పడం. మన తీరంలో రొయ్యల గుంటల సంగతే తీసుకోండి. గుంటల వల్ల ఊరి బావుల్లో నీళ్ళు ఉప్పెక్కుతున్నాయా లేదా అన్నది చర్చ. ఈ గుంటలన్నీ పూడ్చాల్సిందే, లైసెన్సులు రద్దు చేయాల్సిందే అన్నది సమర్థన, ఎంత ఘాటుగా అన్నా సరే. ‘ఈ రాత్రికి ఫలానా గుంట గట్టు తెంపుదాం, రండి’ అన్నది మాత్రం ఉసిగొల్పడం. ఆపాల్సింది ఆ మూడో మెట్టునే. 1989లో ఒక తమిళ సినిమా మీద వచ్చిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పోలిక కూడా ఇదే అర్థంలో: మాటకీ ప్రమాదానికీ మధ్య సంబంధం మందుగుండు పీపాలో నిప్పురవ్వంత దగ్గరగా ఉండాలి. ఊరేగింపులు చేస్తాం, గొడవ చేస్తాం అన్న బెదిరింపులకు లొంగి మాటను అణచకూడదని, శాంతిభద్రతలు కాపాడటం ప్రభుత్వం పనేనని ఆ తీర్పే చెప్పింది.

ఇప్పుడు పోలీసుల సంగతి. మన జిల్లాల్లో తరచూ వినిపించే మాట ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’. 1861 పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ రోడ్ల మీద, వీధుల్లో జరిగే సభలకు, ఊరేగింపులకు సంబంధించింది. కాలేజీ సెమినార్ హాలు రోడ్డు కాదు. జనం గుమికూడకుండా ఆంక్షలు పెట్టే నాగరిక్ సురక్షా సంహిత 163 (పాత 144) అయితే వేరే సంగతి, దానికి రాతపూర్వకమైన ఉత్తర్వు, అందులో కారణాలు ఉండాలి. సభ వద్దని ఎవరైనా ఫోన్లో చెబితే, మర్యాదగా ‘సార్, అదే కాగితం మీద ఇప్పించండి’ అనాలి. కాగితం ఉంటే హైకోర్టులో అడగొచ్చు. ఫోను మాటను ఏ కోర్టులో సవాలు చేస్తారు?

అయితే జనం తొక్కిసలాట భయం ఉత్తుత్తిది కాదు. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షోలో 8 మంది చనిపోయారు. ఆ వెంటనే రోడ్లపై సభలను కట్టడి చేస్తూ వచ్చిన జీవో 1ని 2023 మే 12న హైకోర్టు కొట్టేసింది. కందుకూరులో ప్రాణాలు తీసింది ఇరుకు, తోపులాట. అందుకే నిర్వాహకులు ముందు ఆలోచించాల్సింది కుర్చీలు, తలుపులు, జనం లెక్క.

హాల్లో 200 కుర్చీలుంటే పాసులు 180 ఇవ్వాలి. మిగతా ఇరవై బందోబస్తుకీ, పాసు మర్చిపోయి వచ్చే అధ్యాపకులకీ. ఐడీ కార్డు చూశాకే లోపలికి. రెండో తలుపు తాళం తీసి ఉందో లేదో సభకి గంట ముందు చేత్తో తోసి చూడాలి. చాలా చోట్ల ఆ తలుపు వెనకే విరిగిన బెంచీలు పేర్చి ఉంటాయి. షామియానా వేసి బయట పెట్టకండి. విద్యాసంస్థల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం, లౌడ్‌స్పీకర్ పేరు మీదే సభ ఆగిపోతుంది.

స్టేషన్‌కి ఇచ్చే ఉత్తరంలో వక్త పేరు, అంశం, వేళ, హాలు, ఎంతమంది, బాధ్యుల ఫోన్ నంబర్లు రాసి, ‘బందోబస్తు కోరుతున్నాం’ అనాలి. ‘అనుమతి కోరుతున్నాం’ అని రాశారంటే అక్కర్లేని చోట చేయి చాపినట్టే. బందోబస్తు ఖర్చు పిలిచినవాళ్ళ మీద వేయడం ఇంకో చిక్కు. వ్యతిరేకులు ఎక్కువున్న వక్తకి ఎక్కువ రుసుము పడితే అది మాట మీద వేసిన పన్నే. అమెరికా సుప్రీంకోర్టు 1992లో ఫోర్సైత్ కౌంటీ కేసులో సరిగ్గా ఈ పద్ధతినే తప్పుపట్టింది.

నిరసనకి చోటు ముందే చూపించాలి. గేటు పక్కన, హాలు తలుపుకి అడ్డం రానంత దూరంలో. నల్ల బ్యాడ్జీలు, ప్లకార్డులు హాల్లోకి కూడా రానివ్వొచ్చు, వెనకవాళ్ళకి వేదిక కనబడితే చాలు. నినాదాలతో వక్త గొంతు వినబడకుండా చేస్తే అధ్యక్షులు రెండుసార్లు హెచ్చరించాలి, మూడోసారి బయటికి. బయటికి తీసుకెళ్ళాల్సింది కాలేజీ సిబ్బంది. పిలిచిన సంఘం పిల్లలు ఆ పని చేస్తే రెండు నిమిషాల్లో చొక్కాలు చిరుగుతాయి.

ప్రశ్నలకి కనీసం మూడోవంతు సమయం, మొదటి రెండు ప్రశ్నలు వ్యతిరేకించేవాళ్ళకే. చీటీలు వద్దు, అడిగినవాడికి తన చీటీ చింపేశారన్న అనుమానం ఎప్పటికీ పోదు. మైకు చేతికివ్వకుండా నడవలో స్టాండుకి బిగించండి. చేతులు మారే మైకు మూడో మనిషి దగ్గర లాగులాటకి దిగుతుంది, నాలుగో మనిషి దగ్గర ప్రశ్న ఉపన్యాసమైపోతుంది. స్టాండు ముందు నిలబడితే వెనక వరస కనబడుతుంది, మనిషి తనంతట తానే కుదించుకుంటాడు. సభంతా కట్ చేయకుండా రికార్డు చేసి ఆ రాత్రికే పెట్టండి. తెల్లారేసరికి వాట్సాప్‌లో తిరిగే ముప్పై సెకన్ల ముక్కకి అదొక్కటే జవాబు.

వక్త నిజంగానే గీత దాటితే? అధ్యక్షులు ఆ వాక్యాన్ని పేరుపెట్టి చెప్పి ఆపాలి. తర్వాత ఎవరైనా ఫిర్యాదిచ్చినా కంగారుపడక్కర్లేదు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు నాగరిక్ సురక్షా సంహిత 173(3) ఇస్తోంది. మాటలకు సంబంధించిన కేసుల్లో ఆ దారి వాడాలని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మాట ప్రభావాన్ని ప్రతి విమర్శలో ప్రమాదం చూసే బెదురు మనిషి కొలతతో కాక, నిబ్బరమున్న మనిషి కొలతతో తూచాలని కూడా ఆ తీర్పులో ఉంది.

ఇంత చెప్పాక కూడా, పిలవాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానికి లేదు. ఆకు పసరుతో క్యాన్సర్ తగ్గిస్తానన్నవాడికి వేదిక ఇవ్వనంటే అది చదువు తాలూకు నిర్ణయం, ఎవరి హక్కూ పోలేదు. ఆ నిర్ణయం ఆహ్వానానికి ముందే జరగాలి. ఎవరు పిలవొచ్చు, ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎవరు ఔనంటారు, కాదంటే కారణం ఎన్నాళ్ళలో రాసిస్తారు: ఒక్క పేజీలో రాసి గోడకి అంటిస్తే చాలు, అన్ని సంఘాలకీ అదే పేజీ. ‘అవతలి పక్షం వాళ్ళనీ పిలిస్తేనే హాలు’ అన్న షరతు పైకి న్యాయంగా కనబడుతుంది గానీ, అవతలివాళ్ళు రామంటే చాలు సభ ఆగిపోతుంది. వాళ్ళకి మరో రోజు ఇదే హాలు ఇవ్వండి.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో అక్షరాస్యత తరగతిలో సారా గురించి ఒక పాఠం చదివి దుకాణాలు మూయించారు. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎవరికీ ఇబ్బంది కలగని పాఠమే చెప్పాలనుకుని ఉంటే ఆ తరగతిలో ఏం మిగిలేది?

నిజంగా వాయిదా తప్పకపోతే, తుఫాను హెచ్చరికో, 163 ఉత్తర్వో వస్తే, నోటీసులో ఆ కారణం ఉన్నదున్నట్టు రాయండి. ఉత్తర్వు నంబరు, నిర్ణయం తీసుకున్నవారి హోదా, అదే హాల్లో కొత్త తేదీ. కింద రిజిస్ట్రార్ సంతకం, ఒక నకలు వక్తకి, ఒకటి పిలిచిన సంఘానికి.