830 మి.మీ. లెక్క ఇంకా తేలలేదు

నిన్న మూడోసారి టెస్ట్ రైడ్‌కి వెళ్ళొచ్చాను. బండి మళ్ళీ మనసు లాగేసింది, కాలు మాత్రం మళ్ళీ నేలకి అందలేదు.

నేను కొనాలనుకుంటున్న బండి కేటీఎం 390 అడ్వెంచర్. 2025 జనవరిలో మన దేశానికి వచ్చిన కొత్త తరం. 399 సీసీ, 46 పీఎస్ పవర్, 39 ఎన్‌ఎం టార్క్. ఇంజన్ గురించి ఒక్క మాట చాలు: బెంగళూరు బయట హొస్కోటె దాటాక నాలుగో గేర్‌లో థ్రాటిల్ తిప్పితే లారీ ఎప్పుడు వెనక పడిందో కూడా తెలియలేదు. క్రూజ్ కంట్రోల్, క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చే క్విక్‌షిఫ్టర్ రెండూ బాగున్నాయి. ఇక అసలు గొడవకి వస్తా.

పాత 390 అడ్వెంచర్ సీటు ఎత్తు 855 మి.మీ. కొత్తదానికి 830. ఈ 25 మి.మీ. తగ్గిందని చదివిన రోజే నాకు ఆశ పుట్టింది. నా ఎత్తు 165 సెం.మీ. ఇన్‌సీమ్, అంటే కాలి లోపలివైపు పొడవు, వట్టి కాళ్ళతో 76, రైడింగ్ బూట్లతో 79. ఒక కాలు అందితే చాలు, సీటు మీద కాస్త పక్కకి జరుగు అని అందరూ చెప్పేదే. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర అది నిజమే. కానీ మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో నా పార్కింగ్‌కి ఎడమవైపు స్తంభం ఉంది, వెనక ర్యాంపు మొదలవుతుంది. పొద్దున బండి తీయాలంటే కూర్చునే వెనక్కి రెండు మీటర్లు ర్యాంపు ఎక్కించాలి. 183 కిలోల బండిని ముని వేళ్ళతో నెట్టడం అయ్యే పని కాదు.

అందుకే షోరూమ్‌కి వెళ్ళే ముందే ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నా. నా పాత 200 సీసీ బండి సీటు 795. దాని మీద 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు మూడు పరిచి తాడుతో కట్టా. మొత్తం 831. కూర్చుంటే రెండు కాళ్ళూ ముని పాదాల దాకా గట్టిగా ఆనాయి. బాబాయి కొడుకు కింద కూర్చుని మడమ కింద టైలు ముక్కలు పేర్చి కొలిచాడు: 20 మి.మీ. ఖాళీ. ఆ 20తో ర్యాంపు మీద వెనక్కి నెట్టగలిగా. ఇంకేముంది, బండి నాదే అనుకున్నా.

అసలు బండి ఎక్కితే మడమ 45 మి.మీ. పైన ఉంది. బొటనవేలు, పక్క వేలు మాత్రమే ఆనాయి.

ఇక్కడే రెండు వారాలు పోయాయి. కాగితం మీద చూస్తే అసలు బండికే కాలు తేలికగా అందాలి. నా 64 కిలోలకి వెనక యాక్సిల్ నుంచి టెయిల్ ప్యానెల్ మీద పెట్టుకున్న గుర్తుకి 612 ఉన్నది 571కి దిగింది, అంటే 41 మి.మీ. సాగ్ (నా బరువుకి సస్పెన్షన్ కుంగిన కొలత). నేను కూర్చునే చోట అంత దిగదు, 30 అనుకుందాం. 830లో 30 పోతే 800. పాత బండి 20 దిగుతుంది, ప్లైవుడ్‌తో 811. పదకొండు మి.మీ. కిందున్న సీటు మీద మడమ ఇంకా పైకి ఎందుకు లేచింది?

మొదట బూట్లనుకున్నా, అవే బూట్లు. షోరూమ్ నేల వాలు అనుకున్నా, ఫోన్‌లో లెవెల్ పెట్టి చూస్తే సమంగానే ఉంది. ప్రీలోడ్ (వెనక స్ప్రింగు బిగువు) ఇద్దరికి సరిపడా బిగించారేమోనని తగ్గించమని అడిగితే డెమో బండి ముట్టుకోం అన్నారు.

చివరికి దర్జీ టేపు తీశా. బండిని నిటారుగా పట్టుకోమని చెప్పి, ఎడమవైపు నేల నుంచి సీటు మీదుగా కుడివైపు నేల దాకా టేపు బిగించి కొలిచా. పాత బండి ప్లైవుడ్‌తో 184.5 సెం.మీ. ఇది 191. ఆరున్నర తేడా, కాలికి మూడుంపావు. కూర్చునే చోట వెడల్పు పాతదానికి 21, దీనికి 27. కాలు సీటు మధ్య నుంచి కిందికి దిగదు కదా, అంచు చుట్టూ తిరిగి దిగుతుంది. ఆ 32 మి.మీ.లో సాగ్ కలిసొచ్చిన 11 తీసేస్తే 21 మిగులుతుంది. ఇంట్లో వచ్చిన 20తో కలిపితే 41. కొలత 45. మిగిలిన 4 మి.మీ. కాలు పెట్టుకునే ఫుట్‌పెగ్ పిక్కని బయటికి నెట్టడం వల్ల అని నా అనుమానం.

ఆదివారం దీన్ని ఇంట్లోనే పరీక్షించా. ప్లైవుడ్ అలాగే ఉంచి, యోగా మ్యాట్ కోసి రెండు అంచులకీ 3 సెం.మీ. మందాన కట్టా. మడమ 20 నుంచి 43కి లేచింది. "అన్నా, ఎత్తు పెంచలేదు కదా, మళ్ళీ లేచిందే!" అన్నాడు మావాడు. మందం సగానికి తగ్గిస్తే 30కి దిగింది. 30తో ర్యాంపు ఎక్కించగలిగా, కష్టంగానే, కానీ అదుపు తప్పలేదు.

కాబట్టి సీటు మధ్యలో ఫోమ్ తీయించను, అంచులే తీయిస్తా. మధ్యలో తీయిస్తే ఊరికి వెళ్ళేటప్పుడు చింతామణి దాటకముందే నడుము పట్టేస్తుంది. బండి వెనక భాగాన్ని కిందికి దించే లోయరింగ్ లింక్ ఎలాగూ కుదరదు, కేటీఎం వెనక షాక్ అబ్జార్బర్ నేరుగా వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కే బిగిస్తారు, లింకేజీ లేదు. ఉన్నా వేయించేవాణ్ణి కాదు. 200 మి.మీ. ట్రావెల్ (సస్పెన్షన్ కదిలే దూరం) కోసమే ఈ బండి కొంటూ దాన్నే కోసుకోవడం నాకు నచ్చదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి కూడా టేపు పెట్టా, 188 వచ్చింది. 825 సీటు, కావాలంటే 805 ఎత్తున్న తక్కువ సీటు కూడా ఉంది. 452 సీసీ, 40 పీఎస్ అయినా 40 ఎన్‌ఎం టార్క్ 5,500 ఆర్‌పీఎమ్‌కే వచ్చేస్తుంది, ట్రాఫిక్‌లో నడపడానికి అదే హాయి. కానీ 196 కిలోలు, నా ర్యాంపు మీద ఆ పదమూడు కిలోలూ తెలుస్తాయి. పైగా 46 పీఎస్ రుచి చూశాక వెనక్కి రావడం నా వల్ల కావట్లేదు. రెండూ 350 సీసీ దాటినవే కాబట్టి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ 40 శాతం, అంతకుముందు సెస్‌తో కలిపి 31. 350 లోపు బళ్ళకి 18కి తగ్గించారు. ఆ తేడా తలచుకుంటే కడుపు మండుతుంది, అయినా చిన్న బండి వైపు మనసు పోవట్లేదు.

జేసీ రోడ్డులో సీట్లు కుట్టే ఒకాయనతో మాట్లాడా, హిందూపురం మనిషి. "అంచు కోస్తే రెక్సిన్ కొత్తది వేయాల సార్, పాతది ముడతలు పడతాది. ఒక్కసారి కోసినాక మళ్ళా అతికించేది కుదరదు" అన్నాడు. బండి కొనకుండా సీటు కోయించలేను కదా. అందుకే వచ్చే శనివారం షోరూమ్‌కి గట్టి అట్టముక్క తీసుకెళ్తా, సీటు ముందు భాగం అంచు వంపు దాని మీద గీసుకొస్తా. ఆ వంపులోనే ఫోమ్ కోసి పాత బండికి కట్టి, ఒక్కో వైపు 10 తీస్తే ఎంత, 15 తీస్తే ఎంత అని కొలుస్తా. 15కి మడమ 30 లోపు వస్తే అడ్వాన్స్ కట్టేస్తా. విడి సీటు ధర కూడా అడగాలి, అసలు సీటు కోయకుండా దాచుకుందామని. మొదటి పరుగు మాత్రం మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కే.