ఏఫోదు కుడదామని కూర్చుని, నేతకు దిగాను

మా చర్చిలో పిల్లల సెలవుల బైబిల్ తరగతులకు ఏటా ఏదో ఒక నమూనా చేసిపెట్టడం నా సరదా. నిరుడు థర్మాకోల్‌తో ప్రత్యక్ష గుడారం చేశాను. ఈసారి ప్రధానయాజకుడి బట్టలు, మనిషిలో మూడో వంతు సైజులో, 55 సెంటీమీటర్ల చెక్కబొమ్మకి. చొక్కాయి, నిలువుటంగీ, పాగా రెండు వారాల్లో తేలిపోయాయి. ఏఫోదు, అంటే వాటి మీద వేసుకునే బంగారు, రంగు దారాల పైవస్త్రం, దాని దగ్గర మాత్రం ఆరు వారాలుగా ఉన్నాను.

నిర్గమకాండము 28వ అధ్యాయం నాలుగో వచనంలో కుట్టాల్సిన బట్టల జాబితా ఉంది. పతకము, నిలువుటంగీ, చొక్కాయి, పాగా, దట్టి... అన్నీ మనకు తెలిసిన మాటలే. మధ్యలో ఏఫోదు ఒక్కటే హీబ్రూ మాట, చివర ఒక 'ఉ' తగిలించి అలాగే వదిలేశారు. అనువాదం చేసేవాళ్లకు ఆ వీలుంది. కత్తెర పట్టుకున్నదాన్ని, నాకు లేదు. మెడ దగ్గర మొదలవుతుందో నడుము దగ్గరో తేల్చుకోందే గుడ్డ కొయ్యలేను.

మొదటి రెండు వారాలు: పేరు తేలలేదు

హీబ్రూ అక్షరాలు ఏడాదిగా ఫోన్లో నేర్చుకుంటున్నాను. అలెఫ్, పే, వావ్, దాలెత్: ఎఫోద్, ఊనిక చివర. అదే ధాతువు 29వ అధ్యాయం ఐదో వచనంలో క్రియగా వస్తుంది, బిగించి కట్టడమనే అర్థంలో. మన 'కట్టు' లాగే అన్నమాట: చీర కట్టూ అదే, కట్టమని చెప్పడమూ అదే. దీంతో నాకు ఒకటి తేలింది. ఇది తలమీంచి తొడుక్కునేది కాదు, చుట్టి కట్టుకునేది.

కానీ మిగతా చోట్ల ఈ మాట ఎలా వాడారో చూస్తే మళ్లీ మొదటికొచ్చింది. చిన్న సమూయేలు వేసుకున్నదీ, మందసం ముందు నాట్యమాడిన దావీదు వేసుకున్నదీ నారతో నేసిన ఏఫోదు. నోబులో ఒక్కరోజు చంపేసిన 85 మంది యాజకులూ అదే వేసుకున్నవాళ్లు. అంటే సాదా రకం వేరే ఉంది, బంగారం, రంగులు లేనిది. ఇక గిద్యోను చేయించిన ఏఫోదుకైతే 1,700 షెకెల్‌ల బంగారం. షెకెల్ 11 గ్రాముల పైచిలుకు కాబట్టి సుమారు 19 కిలోలు. అది వంటిమీద కట్టుకునే బట్టేనా? ఊళ్లో నిలబెట్టాడనీ, జనం దాని వెంట పడ్డారనీ న్యాయాధిపతులలో ఉంది. గొల్యాతు కత్తి కూడా బట్టలో చుట్టి ఏఫోదు వెనక పెట్టారు. వెనక కత్తి దాచే వస్తువంటే ఎంత ఉండాలి! సంఖ్యాకాండములో ఏఫోదు అనే పేరుగల మనిషి కూడా ఉన్నాడు, ఆయన జోలికి నేను పోలేదు.

ఇప్పటి హీబ్రూలో వెతికితే ఇంకా తమాషా. తెరమీద వచ్చినవన్నీ సైనికులు తూటాల డబ్బాలు పెట్టుకునే జేబుల చొక్కాలు. అదీ ఎఫోద్. రోడ్డు పనివాళ్లు వేసుకునే, చీకట్లో మెరిసే చొక్కా 'ఎఫోద్ జోహర్'. చేతుల్లేని స్వెట్టర్ అయితే 'అఫుదా'. మూడు వేల ఏళ్ల తర్వాత కూడా భుజాలనీ నడుమునీ వదల్లేదు.

మూడో వారం: కొలతలు

ఆకారానికి ఇద్దరు పాత వ్యాఖ్యాతల్ని నమ్ముకున్నాను. ఫ్రాన్సులోని త్రువాలో ఉన్న రాషీ (1040–1105), దీని రూపం ఇదీ అని తనకెవరూ చెప్పలేదనీ, ఎక్కడా దొరకలేదనీ ముందే ఒప్పుకున్నాడు. తన మనసుకు తోచింది మాత్రం రాశాడు: గొప్పింటి ఆడవాళ్లు గుర్రమెక్కేటప్పుడు కట్టుకునే ఒక రకం ఏప్రన్ లాంటిది, వీపు వెడల్పున వెనక నుంచి కట్టేది. అంతటివాడే అలా రాశాక నాకూ కాస్త ధైర్యం వచ్చింది. మైమోనిడీస్ కొలతలు ఇచ్చాడు: వెడల్పు భుజం నుంచి భుజానికి, పొడవు మోచేతుల ఎత్తు నుంచి పాదాల దాకా, అదీ వీపువైపు.

165 సెంటీమీటర్ల మగమనిషికి లెక్కేస్తే వెడల్పు 42, పొడవు 105. నా బొమ్మకు 14, 35. సండేస్కూలు చార్టుల్లో ముందువైపు కూడా వేలాడదీసి గీస్తారు. నేను వెనకే ఉంచాను, ముందు దట్టి ముడి, పతకము.

నాలుగో వారం: తప్పు

నాకొచ్చింది మగ్గం వర్క్. కాబట్టి తెల్ల లినెన్ చట్రానికి బిగించి, ఆరీ సూదితో నీలం, ఊదా, ఎరుపు, జరీ కుట్టుకుంటూ పోయాను. పదకొండు రాత్రులు. సగం అయ్యాక, యూదుల పాత ధర్మచర్చల గ్రంథం తాల్ముదులో, యోమా అనే భాగంలో ఒక మాట కనబడింది. రోకేమ్ అంటే సూదిపని, దానికి బొమ్మ ఒకవైపే. హోషేవ్ అంటే నేతపని, రెండువైపులా బొమ్మ ఉంటుంది. ఏఫోదుకు చెప్పింది హోషేవ్. మన బైబిల్లో అది 'చిత్రకారుని పని' కాబట్టి సూది అనుకున్నాను. నా ముక్క తిరగేస్తే వెనకంతా ముడులు, దారాల గజిబిజి. ఊడదీయలేదు, పతకము వెనక లైనింగుకి దాచాను.

ఐదో వారం: దారం

అదే యోమాలో పోగుల లెక్క ఉంది. నీలం, ఊదా, ఎరుపు, నార నాలుగూ ఒక్కోటి ఆరు పోగులు, ప్రతి ఆరింటికీ ఒక బంగారు పోగు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. మన ఆంకర్ ఎంబ్రాయిడరీ లచ్చిలో దారం సరిగ్గా ఆరు పోగులే! సంతోషం పట్టలేక నాలుగు దారాలూ జరీ కలిపి పేనాను. మూడు మిల్లీమీటర్ల తాడు తయారైంది. ఆ లావుతో నేస్తే బొమ్మ వెనక కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కట్టినట్టే. అందుకని రంగుకొక్క పోగు, అన్నిటికీ కలిపి ఒక జరీ, మొత్తం ఐదు పోగులు. ఆరుకొకటి ఉండాల్సిన బంగారం నాదాంట్లో నాలుగుకొకటి పడింది, అది మాత్రం తప్పే.

అసలుదాంట్లో రంగుపోగులు ఉన్ని, తెల్లది నార. ఆ రెండూ కలిపిన బట్ట మామూలు జనానికి నిషిద్ధం, యాజకుడికి మాత్రం అదే ఉడుపు. నాది నూలు, లినెన్ కాబట్టి ఆ పేచీ లేదు. బంగారాన్నీ రేకుగా కొట్టి తీగలుగా కోశారని నిర్గమకాండము 39వ అధ్యాయంలో ఉంది. మన జరీ దారం చుట్టూ తీగ చుట్టింది. అది పేనేటప్పుడు పొట్టు ఊడుతుంది, కాబట్టి జరీని చివర, తక్కువ మెలికతో కలపండి.

రంగులు కొనడం ఒక ప్రహసనం. బైబిల్లో 'నీల ధూమ్ర రక్తవర్ణములు' కదా అని షాపులో ధూమ్రం అడిగితే, అతను తీసి చూపించింది బూడిద రంగు. పొగ రంగే కదమ్మా అన్నాడు. మాటకి మాట సరే గానీ హీబ్రూ అర్గామాన్ ఊదా ఎరుపు, సముద్రపు నత్తల నుంచి తీసింది. నీలం కూడా నత్తదే. తొట్టిలోని రంగుకు ఎండ తగిలితే ఊదా పోయి నీలం తేలుతుందని 1980లలో ఇజ్రాయెల్‌లో కనుక్కున్నారు. మన నీలిమందుతో అద్దిన నీలం చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ దాన్ని నకిలీగా అంటగట్టేవాళ్ల గురించి తాల్ముదులోనే హెచ్చరిక ఉంది. నా దగ్గరున్నది ఫ్యాక్టరీ నీలం, నకిలీకి నకిలీ.

ఆరో వారం: చట్రం, రాళ్లు

దట్టి విడిగా కుట్టకూడదు, ఏఫోదుతో ఏకంగా నెయ్యాలి. కాబట్టి చట్రం 70 సెంటీమీటర్ల వెడల్పు కావాల్సొచ్చింది. పాత కిటికీ చట్రానికి అర సెంటీమీటరుకో మేకు కొట్టాను. పైన మూడు సెంటీమీటర్లు పూర్తిగా 60 వెడల్పున నేస్తే అది దట్టి. తర్వాత మధ్యలో 14 మాత్రమే కిందికి. రెండు పక్కల పడుగు దారాలు ఐదు సెంటీమీటర్ల దగ్గర ఒక పుల్లకి తిప్పుకుంటే వృథా తగ్గుతుంది. సెంటీమీటరుకు 11 వరసల పేక పడుతోంది, మొత్తం 76 మీటర్లు అవసరం. లచ్చిని ఒంటి పోగులుగా విడదీస్తే 48 మీటర్లు వస్తుంది, రంగుకు రెండేసి లచ్చీలు చాలు. భుజఖండాలు మాత్రం విడిగా నేసి కుట్టొచ్చు.

భుజాల మీది రాళ్లు చాలా ఇంగ్లీషు బైబిళ్లలో ఓనిక్స్, మనకు లేత పచ్చలు. నల్లరాళ్లు పెడితే మా పెద్దత్తయ్య ఊరుకోదు, లేతాకుపచ్చవే కొన్నాను, 12 మిల్లీమీటర్లవి. ఒక్కో రాయి మీద ఇశ్రాయేలు పన్నెండుమంది కొడుకుల్లో ఆరేసి మంది పేర్లు. యోసేపుని యెహోసేఫ్ అని ఒక అక్షరం పెంచి రాస్తారట, అప్పుడు రెండు రాళ్లకీ సరిగ్గా 25 అక్షరాల చొప్పున పడతాయి. జెల్ పెన్నుతో రాసి పైన నెయిల్ పాలిష్ పూశాను. రూబేను నుంచి గాదు దాకా నల్లటి మరక. రెండో రాయికి పూర్తిగా ఒక రాత్రి ఆరనిచ్చి పూస్తే నిలిచింది.

దట్టి 33 వరసల్లో 19 అయ్యాయి. తిరగేసి చూశాను, రెండువైపులా గీతలు పడుతున్నాయి, కుడివైపు కొస మాత్రం లోపలికి లాగుతోంది. పేనడంలో తెగి, చెడి, జరీ రీలు అయిపోయింది. సోమవారం షాపు తియ్యగానే పోవాలి. అదే రంగు దొరక్కపోతే దట్టి ఒక మెరుపు, ఏఫోదు ఒక మెరుపు అవుతుంది, ఇంత కష్టపడి ఒకే ముక్కగా నేసీ.